కంటిలోని చిన్నగుంట

కంటిజబ్బులనగానే మనకు వెంటనే స్ఫురించునవి రెండు మూడు కలవు. వయసు మళ్ళిన వారికి వచ్చు శుక్లము ఒకటి. కంటిలోపలి ఒత్తిడి హెచ్చి దృక్ నాడిని చంపు నీటికాసులు మరియొకటి. చక్కెరవ్యాధి వలన కంటి రక్తనాళములు చెడుట వేరొకటి. ఇవి సాధారణముగా పుట్టి పెరిగిన తరువాత వచ్చునవి. ఈనాటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము అట్టిది కాదు. ఇది పుట్టుకతోనే వచ్చును. వచ్చి, ఇరువది ముప్పది సంవత్సరములపాటు ఏ బాధయు పెట్టక కంటి అడుగున ఒక మూల అణగియుండును. తరువాత కొందరికి, చదువుచున్న పుటలో సరిగా నడిమి అక్షరములమీద మసక కమ్మును. తిన్నగా ఉన్న ద్వారబంధము వంగినట్లు కనబడును. దీనిని వైద్యులు ఆప్టిక్ పిట్ అందురు. దృక్ నాడి మొదలులో ఉండు చిన్నగుంట అని దాని అర్థము.

ఈ గుంట అరుదైనది. సుమారు 10,000 మందిలో ఒకరికి ఉండునని లెక్క. ఇంత అరుదైన దానిని గూర్చి రేడియోలో చెప్పుట ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. దీనిని వేరొక జబ్బుగా పొరబడుట సులభము; అట్లు పొరబడిన ఫలితముగా మనుష్యులు కన్నులనే పోగొట్టుకొన్న సందర్భములు వైద్యగ్రంథములలో కలవు. ఇది మొదటి కారణము. ఈ గుంట వలన కలుగు నష్టము ఒక్కమారుగా రాదు. ఒక్కొక్క పొరను విడదీయుచు, మెట్టుమెట్టుగా వచ్చును. ఏ మెట్టున గుర్తించితిమన్న దానిని బట్టి చూపు నిలుచుటయో పోవుటయో తేలును. ఇది రెండవ కారణము. మేము వైద్యులము కాము. నేత్రవైద్యులు నూరేండ్లకు పైబడి పరిశీలించి తెలిసికొన్న దానిని ఇండ్లలోని వారికి అర్థమగునట్లు చెప్పుటయే మా పని.

ముందుగా కంటి వెనుకభాగము ఎట్లుండునో చెప్పుకొందము. కనుగ్రుడ్డు లోపలి గోడకు అంటి ఒక పలుచని పొర ఉండును. అది నేత్రపటలము. దాని మందము సుమారు మిల్లీమీటరులో నాలుగవ వంతు. అంత పలుచని దానిలో పది పొరలు కలవు. ఆత్రేయపురపు పూతరేకును తలచుకొన్నచో ఈ అమరిక కొంతవరకు బోధపడును. రేకుమీద రేకు పరచినట్లు, ఒక్కొక్క పొరలో ఒక్కొక్క జాతి కణములు ఉండును. వెలుగును పట్టుకొను కణములు, అనగా దండములును శంకువులును, అన్నిటికంటె అడుగున ఉండును. వాటి క్రింద నల్లని వర్ణకణముల పొర, దాని క్రింద నెత్తురు నిండిన రక్తపటలము ఉండును. దండములకును శంకువులకును ఆహారము పైనుండి కాక ఈ క్రిందినుండియే అందును. ఈ సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత చెప్పబోవు కథకు ఇదియే కీలకము.

అడుగున పుట్టిన సంకేతము పైపొరలకు ఎక్కి నాడీతంతువులను చేరును. ఈ తంతువులు పది లక్షలకు పైబడి ఉండును. అవి నేత్రపటలము నలుమూలలనుండి పాకుచు వచ్చి ఒక్కచోట గుమికూడి, గోడలోని జల్లెడవంటి పలకగుండా బయటికి పోయి, త్రాడువలె పెనవేసికొని మెదడును చేరును. రేడియో పెట్టె వెనుక తీగెలన్నియు ఒకే రంధ్రముగుండా బయటికి వచ్చినట్లే ఇదియును. ఆ గుమికూడుచోటు గుండ్రని బిళ్ళవలె కనబడును. దాని వ్యాసము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. అచ్చట దండములు లేవు, శంకువులు లేవు. కావున అచ్చట పడిన వెలుగు మనకు కనబడదు. దానినే అంధచుక్క అందురు.

ప్రతి కంటికిని ఈ అంధచుక్క ఉన్నదని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ కనిపెట్టెను. శ్రోతలు ఇంటియందే దీనిని పరీక్షింపవచ్చును. తెల్లకాగితముపై మూడంగుళముల ఎడముగా ప్రక్కప్రక్కన రెండు చుక్కలు పెట్టవలెను. ఎడమకన్ను మూసికొని, కుడికంటితో ఎడమ చుక్కనే చూచుచు కాగితమును మెల్లగా దగ్గరకు తెచ్చినచో, ముఖమునకు సుమారు అడుగు దూరములో కుడివైపు చుక్క మాయమగును. ఇంకను దగ్గరకు తెచ్చినచో మరల కనబడును. రెండు కన్నులు తెరచియున్నప్పుడు ఒక కంటి లోటును రెండవ కన్ను పూడ్చుచుండును. అందుచేతనే మనకు ఈ లోటు తెలియదు. ఒక కంటికి నిజముగా జబ్బు చేసినప్పుడును రెండవ కన్ను ఇట్లే దానిని దాచిపెట్టును.

అంధచుక్కకు కణతవైపున, నాలుగైదు మిల్లీమీటర్ల దూరములో పచ్చచుక్క ఉన్నది. అక్షరము చదువుట, సూదిలో దారమెక్కించుట, ఎదుటి మనుష్యుని ముఖము గుర్తుపట్టుట ఈ పచ్చచుక్క పని. శంకువులు అచ్చట దట్టముగా క్రిక్కిరిసి యుండును. కన్ను అంతయు బాగుండి ఈ చుక్క ఒక్కటి చెడినచో, మనిషి గదిలో తడబడక నడువగలడు గాని వార్తాపత్రిక చదువలేడు. మన కథలోని గుంట అంధచుక్కలో పుట్టును. నష్టము పచ్చచుక్కకు చేరును. ఈ నాలుగైదు మిల్లీమీటర్ల ప్రయాణమే ఈనాటి విషయమంతయు.

ఇక గుంట సంగతి. నాడి బిళ్ళలో, ఎక్కువగా కణతవైపు అంచునకు దగ్గరగా, గుండ్రముగనో కోలగనో బూడిదరంగు పల్లము కనబడును. కొన్ని తెల్లగను, కొన్ని పసుపుగను ఉండును. నూటికి పది పదునైదుగురికి రెండు కన్నులలోను ఉండును. తక్కినవారికి ఒక్క కంటిలోనే. స్త్రీ పురుష భేదము లేదు. 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలిభాగమును చూచు పరికరమును ప్రకటించిన తరువాతనే జీవించియున్న మనిషి కంటి అడుగును చూచుట వైద్యులకు సాధ్యమయ్యెను. ఆ తరువాత 1882లో వీతె అను వైద్యుడు ఈ గుంటను తొలిసారి వర్ణించెను.

గుంట ఎట్లు ఏర్పడును? గర్భములో నాలుగవ వారమున మెదడు నుండియే రెండు మొగ్గలు వెలువడి కన్నులుగా మారుటకు ఆరంభించును. ఆ మొగ్గకు అడుగువైపున ఒక చీలిక ఉండును. రక్తనాళములు ఆ త్రోవన లోనికి ప్రవేశించును. ఐదవ వారమునకును ఏడవ వారమునకును నడుమ ఆ చీలిక అంచులు రెండును కలిసి అతుకుకొని పోవును. అతుకు సరిగా పడనిచో కంటి పొరలలో వెలితి మిగులును. దృక్ నాడిలోని గుంటకు కూడ ఇదియే కారణమని చాలకాలము తలంచిరి. కాని ఆ చీలిక క్రిందుగా ముక్కువైపున ఉండునది; గుంటలలో హెచ్చుపాలు కణతవైపున ఉండునవి. కావున ఈ వివరణము అన్ని గుంటలకును సరిపోదని పలువురు పండితుల అభిప్రాయము. నాడి మొదలులోని కణజాలము రూపుదిద్దుకొనునప్పుడు ఎచ్చటనో కొరవడినదని మాత్రము అందరును అంగీకరింతురు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతములో పెదవి చీలికతో పుట్టిన బిడ్డను చూచి గ్రహణము మొర్రి అందురు. తల్లి గ్రహణవేళ బయట తిరిగినదనియు, కత్తి పట్టినదనియు నిందింతురు. పుట్టుకతో వచ్చు ఏ లోపమునకైనను తల్లినే బాధ్యురాలిని చేయు ఈ అలవాటు కంటి విషయములోను కలదు. దృక్ నాడిలోని గుంట తల్లి తిన్న తిండి వలన గాని, చూచిన గ్రహణము వలన గాని ఏర్పడదు. అతి కొద్ది కుటుంబములలో తప్ప ఇది వంశపారంపర్యముగా వచ్చునది కూడ కాదు. ఈ గుంట ఉన్నదని తెలిసినప్పుడు ఇంటివారు వెదుకవలసినది మంచి వైద్యుని, నేరస్థులను కాదు.

గుంట కనబడిన తరువాత చాలకాలమువరకు దానిని ఒక వింతగా మాత్రమే లెక్కించిరి. పచ్చచుక్క క్రింద నీరు చేరి చూపు మసకబారు జబ్బు వేరొకటి అప్పటికే తెలిసియుండెను. ఈ రెంటికిని సంబంధము కలదని 1958లో పీటర్సన్, 1960లో క్రానెన్‌బర్గ్ తమ వ్యాసములలో చూపిరి. గుంట ఉన్న కంటిలోనే పచ్చచుక్క నీటితో ఉబ్బుచున్నది. గుంట లేని రెండవ కన్ను బాగుగా ఉన్నది. ఇది కాకతాళీయము కాదని క్రమముగా తేలినది.

ఈ తెలివిడి రాకముందు ఏమి జరిగినదో 1963లో ఫెర్రీ ప్రకటించిన వ్యాసము తెలుపును. రెండు కన్నులలో పచ్చచుక్క వద్ద పొర ఉబ్బి లేచియుండెను. దానిని చూచిన వైద్యులు రక్తపటలములో పుట్టు మెలనోమా అను ప్రాణాంతకమైన పుండుగా భావించిరి. అట్టి పుండు దేహమంతటను ప్రాకును గనుక ఆనాడు కన్ను తీసివేయుటయే మార్గము. కన్నులు తీసివేయబడినవి. సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడగా అందు పుండు లేదు. ఉన్నది నాడిలో పుట్టుగుంట, పొర క్రింద నీరు మాత్రమే. గుంటను ఒక్కమారు గుర్తించియున్నచో ఆ కన్నులు ముఖములోనే ఉండెడివి. అరుదైన జబ్బు గదా అని ఉపేక్షించిన వారికి ఈ రెండు కన్నులే సమాధానము.

అట్లు సూక్ష్మదర్శిని క్రింద చూచిన కన్నుల వలననే గుంటలోని కణజాలము ఎట్లుండునో తెలిసినది. గుంట నోటివద్ద నేత్రపటలము సరిగా రూపుకట్టని ముక్కగా మారి లోనికి జారియుండును. దాని చుట్టును కొల్లాజెన్ పీచుతో అల్లిన సంచి ఉండును. ఆ సంచి, జల్లెడపలకలోని కంతగుండా వెనుకకు సాగి, కొన్ని కన్నులలో నాడి చుట్టు ఉన్న ఖాళీవరకును పోవును. మెదడును తడుపుచుండు నీరు సంచరించు ఖాళీ అది. గుంట నోటిపై తరచుగా ఆధారకణజాలపు పలుచని తెర కప్పియుండును. గుంట ఉన్న మేర నాడీతంతువులు లోపించుట వలన, చూపు మైదానములో వంపుగా ఒక చీకటిభాగము ఉండవచ్చును. పుట్టినది మొదలు అట్లే ఉండుటచేత ఆ మనిషికి దాని ఊసే తెలియదు. కొందరు వైద్యులు ఈ చీకటిభాగమును చూచి నీటికాసులని భ్రమపడుటయు కలదు.

ఇక నీరు పొరలలో ప్రవేశించు క్రమము. చెరువుకట్ట ఎట్లు తెగునో పల్లెటూరివారికి తెలియును. మొదట ఊట, తరువాత బుంగ, ఆ తరువాత గండి. ఇక్కడి క్రమమును అట్టిదే. చిరకాలము ఆ క్రమము తారుమారుగా అర్థమైయుండెను. నీరు గుంటనుండి తిన్నగా నేత్రపటలము క్రిందికి జారి దానిని లేవనెత్తునని తలంచెడివారు. 1988లో లింకాఫ్ అను అమెరికా నేత్రవైద్యుడును ఆయన సహచరులును అట్లు కాదని చూపిరి.

మొదటిమెట్టున నీరు నేత్రపటలము క్రిందికి పోదు, నేత్రపటలములోపలికే పోవును. గుంట అంచునుండి ఊరుచు, పొరకును పొరకును నడుమ దారి చేసికొనును. తడిసిన గోడకు సున్నపుపూత ఎట్లు గోడను విడిచి ఉబ్బునో, అట్లు పైపొరలు క్రిందిపొరలనుండి విడివడును. పూర్తిగా తెగిపోవు, వాటి నడుమ ఆధారకణములు సన్నని స్తంభములవలె నిలిచి, పైకప్పును మోయుచుండును. ఆ స్తంభముల సందులలో తేటనీరు నిలుచును. ఈ చీలిక గుంటనుండి పచ్చచుక్కవరకు ప్రాకును. ఈ దశలో దండములును శంకువులును ఇంకను తమ చోటనే, తమ ఆహారమునకు అంటియే ఉండును. కావున చూపు కొంచెము మసకబారును గాని పోదు. చాలమంది దీనిని గమనింపనే గమనింపరు.

రెండవమెట్టున పచ్చచుక్క వద్ద, చీలికకు నేలవంటి అడుగుపొరలో ఒక కంత పడును. అది పైకి కనబడు కంత కాదు. పైకప్పు చెక్కుచెదరక ఉండును. నేల మాత్రము చిరిగిపోవును.

మూడవమెట్టున నీరు ఆ కంతగుండా క్రిందికి దిగి, దండములను శంకువులను వర్ణకణముల పొరనుండి పెల్లగించి, బుడగవలె పైకి లేపును. ఇప్పుడు మొదట చెప్పిన కీలకమును జ్ఞాపకము చేసికొనవలెను. శంకువులకు ఆహారము క్రిందినుండి అందునది. నేలను విడిచిన మొక్కవలె అవి ఆహారమునకు దూరమగును. చూపు నడుమ దట్టమైన మరక ఏర్పడును. గీతలు వంగును, వస్తువులు ఉన్నదానికంటె చిన్నవిగ కనబడవచ్చును. రోగి వైద్యునికొరకు పరుగెత్తునది సాధారణముగా ఈ మెట్టుననే. రెండు మెట్లు అప్పటికే గడచిపోయినవి.

ఆ నీరు నెలలతరబడి, ఏండ్లతరబడి నిలిచిన యెడల కణజాలములో మరికొన్ని మార్పులు వచ్చును. పొరలలో తేనెపట్టు గదులవలె నీటితిత్తులు ఏర్పడును. శంకువుల కొనలు క్షీణించును. అడుగున వర్ణకణములు చెదరి, కొన్నిచోట్ల చచ్చి, మచ్చలు మిగులును. కొందరికి పైకప్పు కూడ చిరిగి పచ్చచుక్కలో నిలువునా రంధ్రము పడును. ఇట్లు వదలివేసిన కన్నులలో చాలవాటికి చూపు 6/60 వరకు పడిపోవుట వైద్యుల అనుభవము. అనగా సాధారణముగా 60 మీటర్ల దూరమునుండి చదువదగిన అక్షరమును 6 మీటర్ల దూరమునకు వచ్చి గాని చదువలేని స్థితి. నీరు దానంతటదియే ఇంకిపోవుటయు కలదు. అట్టి అదృష్టము సుమారు నాలుగవవంతు మందికి మాత్రమే.

గుంట పుట్టుకతోడిది, నీరు మాత్రము ఇరువది నలుబది యేండ్ల నడుమ వచ్చుట హెచ్చు. ఈ ఆలస్యము ఎందుకు? కన్నులో నిండియుండు కాచావత్ ద్రవము చిన్నతనమున చిక్కని జున్నువలె ఉండును. వయసుతోపాటు అది నీరుకారి, ముడుచుకొని, నేత్రపటలము మీదను గుంట అంచుమీదను లాగుచుండును. ఆ లాగుడు వలన గుంటను కప్పిన తెర చినుగునని పలువురి నమ్మకము.

ఆ నీరు ఎక్కడిదన్న ప్రశ్నకు ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు. కంటిలోని కాచావత్ ద్రవమే గుంటలోనికి దిగుచున్నదని కొందరు అందురు. పుట్టుకతో ఇట్టి గుంటలు గల కోలీ జాతి కుక్కలమీద బ్రౌనును సహచరులును చేసి 1979లో ప్రకటించిన ప్రయోగములు ఈ పక్షమును బలపరచినవి. మెదడు చుట్టు ఉండు మస్తిష్కమేరు ద్రవమే నాడివెంట కంటిలోనికి ఊరుచున్నదని 1969లో గాస్ అను ప్రసిద్ధ నేత్రవైద్యుడు ఊహించెను. చికిత్సకై కంటిలో నింపిన సిలికోను తైలము కొందరు రోగులలో మెదడు చుట్టు ఉన్న ఖాళీలోనికి చేరినట్లు తరువాత కనబడినది. కావున దారి అటును ఇటును తెరచియే ఉండవచ్చును. మెదడులోని ఒత్తిడి హెచ్చుచు తగ్గుచు ఉండుటచేత నీరు పీల్చబడుచు నెట్టబడుచు ఉండునని 2004లో మరియొక వాదము వెలువడినది. ఒక్కొక్క కంటిలో ఒక్కొక్క మూలము ఉండుటయు అసంభవము కాదు.

1963లో ఈ మార్పులను చూచుటకు కన్ను తీసివేయవలసి వచ్చెను. ఇప్పుడు కంటిని తాకనైనను తాకక చూడవచ్చును. 1991లో అమెరికాలో హువాంగ్, ఫుజిమోటో మొదలగువారు ప్రకటించిన ఓ.సి.టి. అను పద్ధతి కాంతికిరణముల సహాయముతో నేత్రపటలమును నిలువున కోసినట్లు చిత్రించును. రోగి గడ్డము ఒక బల్లపై ఆనించి కొన్ని క్షణములు నిశ్చలముగా చూచిన చాలును. పొరల చీలిక, స్తంభములు, అడుగుపొరలోని కంత, బుడగ, అన్నియు తెరపై కనబడును. లింకాఫ్ చెప్పిన క్రమము చాల కన్నులలో సరియైనదేనని ఈ చిత్రములు తేటపరచినవి. నీరు ఒకే పొరలో కాక పలుపొరలలో చేరుననియు చూపినవి. అంతకు ముందే, 1961లో, రక్తములోనికి రంగు ఎక్కించి కంటి నాళములను ఛాయాచిత్రము తీయు పద్ధతి వెలువడినది. నీరు రక్తనాళములనుండి కారుచున్నదా లేదా అన్నది దాని వలన తేలును. మనోవ్యాకులత, స్టెరాయిడ్ మందుల వాడకము మొదలగువానితో సంబంధము గల వేరొక నీటిజబ్బు పచ్చచుక్కకు వచ్చును. అందు రంగు వర్ణకణముల పొరగుండా కారును. గుంటజబ్బులో సాధారణముగా అట్లు కారదు. పచ్చచుక్క క్రింద నీరు ఉన్నదనగానే నాడి అంచును ఒకసారి శ్రద్ధగా చూడవలెనని వైద్యవిద్యార్థులకు బోధించుట ఇందుచేతనే.

చికిత్స విషయము సంగ్రహముగా చెప్పెదము. గుంట మాత్రమే ఉండి నీరు లేనిచో చేయవలసినది ఏమియు లేదు. ఏటేట చూపించుకొనిన చాలును. నీరు చేరినచో మొదట వాడుకలోనికి వచ్చినది లేజరు. నాడి అంచువెంట కణజాలమును వరుసగా కాల్చి, మచ్చకట్టించి, ఆ మచ్చలనే కట్టగా నిలుపుట దాని ఉద్దేశము. కాని చదువుటకు ఉపకరించు తంతువులు ఆ దారిననే పోవును. కన్ను పోవునంత కాటుక పెట్టరాదన్నట్లు, దీనిని అతిగా చేసినచో చూపులో క్రొత్త చీకటి ఏర్పడును. ఇప్పుడు ఎక్కువగా చేయునది విట్రెక్టమీ. కాచావత్ ద్రవమును తొలగించి, గుంటమీది లాగుడును విడిపింతురు. అవసరమును బట్టి లోపల వాయువును నింపుదురు. కొందరు లేజరును జోడింతురు. వాయువు నింపినప్పుడు రోగి కొన్నిదినములు ముఖము క్రిందికి వంచి ఉండవలెను. ఆ వాయువు కరగిపోవువరకు విమానయానము కూడదు. ఎత్తునకు పోయిన కొలది అది వ్యాకోచించి కంటికి అపాయము తెచ్చును. గ్రీసుదేశమున పచ్చచుక్క వెనుక గోడను బయటినుండి మెత్తతో నొక్కి మంచి ఫలితములను సాధించినవారును కలరు. అన్ని కన్నులకు సరిపడు ఒక్క పద్ధతి లేదు, నిర్ణయము నిపుణునిదే.

శస్త్రచికిత్స జరిగిన మరునాడే చూపు తిరిగి రాదు. ఇది చాలమందిని కలవరపెట్టు సంగతి. ఊట ఆగినను, పొరలలో నిలిచిన నీరు ఇంకుటకు నెలలు పట్టును. ఏడాదియు, అంతకుమించియు పట్టవచ్చును. మూడునెలలలో గుణము కనబడలేదని వైద్యుని మార్చుట, నాటుమందుల పసరు కంటిలో పోయుట కంటికి చేటు. నీరు ఇంకిన తరువాత చూపు ఎంతవరకు వచ్చుననునది శంకువులు ఎన్ని బ్రతికియున్నవో దానిని బట్టి ఉండును. చచ్చిన శంకువును ఏ శస్త్రమును లేపలేదు. కావుననే మొదటి మెట్టునకును మూడవ మెట్టునకును గల తేడా ఇంత విలువైనది.

మరి ఇండ్లలో చేయదగినది ఏమి? నెలకు ఒకమారు, ఒక్కొక్క కన్ను మూసికొని రెండవ కంటితో చూచుట. ఇందుకు ఖర్చు లేదు. స్విట్జర్లాండు నేత్రవైద్యుడు ఆమ్‌స్లర్ గళ్ళకాగితముతో ఈ పరీక్షను ప్రచారములోనికి తెచ్చెను. పిల్లల లెక్కల పుస్తకములోని గళ్ళపుట చాలును. నడుమ ఒక చుక్కపెట్టి, చదువు కళ్ళజోడు ఉన్నచో పెట్టుకొని, ఒక్క కంటితో ఆ చుక్కనే చూడవలెను. గళ్ళ గీతలు వంగినట్లు గాని, నడుమ గళ్ళు చెరిగినట్లు గాని కనబడినచో ఆలస్యము చేయరాదు. అట్టి మార్పునకు కారణము గుంట కావచ్చును, వేరు జబ్బు కావచ్చును. ఏది అయినను పచ్చచుక్కకు సంబంధించినదే. కళ్ళజోడు అంగడికి పోయి అద్దము మార్పించుకొన్నంత మాత్రమున అది కుదురదు. కంటిపాపను మందుతో విప్పార్చి లోపలిభాగమును చూచు వైద్యునికడకే పోవలెను. 1987లో హైదరాబాదున స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ మొదలుకొని, నేత్రపటల నిపుణులు గల ఆసుపత్రులు మన ప్రాంతములో ఇప్పుడు పెక్కు కలవు.

పిల్లల విషయములో మరికొంత జాగ్రత్త వలయును. ఒక కన్ను సరిగా కనబడుట లేదని పిల్లవాడు తానై చెప్పడు. లోకమంతయు అట్లే ఉండునని అనుకొనును. బడిలో చేర్పించుటకు ముందు ఒక్కొక్క కంటికి వేరువేరుగా పరీక్ష చేయించుట తల్లిదండ్రుల విధి. కంటిలో గుంట ఉన్నదని వైద్యుడు ఎప్పుడైనను చెప్పియున్నచో, ఆ మాటను చీటిపై వ్రాయించి దాచుకొనవలెను. ఇరువది సంవత్సరముల తరువాత వేరొక ఊరిలో, వేరొక వైద్యుని ఎదుట, ఆ చీటి అక్కరకు వచ్చును.

గుంట ఉన్నవారందరును చూపు పోగొట్టుకొనరు. ఎందరో జీవితాంతము దానితోనే చదివి, వ్రాసి, పనిచేసి, దాని సంగతి ఎరుగకయే వెళ్ళిపోవుదురు. భయపడవలసిన పని లేదు; ఏమరుపాటు మాత్రము తగదు. ఇంటిలోని పెద్దలను, పిల్లలను ఈ వారములో ఒకసారి కూర్చుండబెట్టి, ఒక్కొక్క కన్ను మూయించి గళ్ళపుట చూపించుడని శ్రోతలను కోరుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాము.